జానెడు తక్కువ

నలభై అడుగుల హీరోలను గీసినోణ్ణి.
బూటు మడమ పక్కన, చీమంత అక్షరాల్తో
'మద్ది' అని రాసుకునేవాణ్ణి.
మొదటాటకు అభిమానులు నిచ్చెనేసి పాలు పోస్తే
తల మీంచి, కోటు గుండీల మీంచి కారి కారి
నా పేరు కాడికొచ్చి విరిగిపోయేవి.
మూడు దినాలు పుల్లటి వాసన.
అంతకు మించి నా పేరును ఎవురూ తడపలేదు.

తర్వాత ఫ్లెక్సీ వచ్చె.
నాకు మిగిలింది గోడలు:
ఇచట మూత్రము పోయరాదు,
మొలలకు శాశ్వత చికిత్స,
ఓడిపోయిన కౌన్సిలర్ల దండాలు.

ఆ గీత కూడా అట్లాంటి పనే.
రెండువేల తొమ్మిది, అక్టోబరు.
తుంగభద్ర, హంద్రీ ఒకటై ఇండ్లలో దూరి
ఎనక్కి పోతా పోతా
టాకీసు ఎనక గోడకు బురద అంచు ఇడిసిపెట్టె.
ఎండకు అది రాలిపోతాంటే
నేనే నిచ్చెనెక్కి, రెడ్ ఆక్సైడు కలిపి
దాని మీదనే దిద్దినా.
'నీళ్లు ఇంతవరకు.'
సంతకం పెట్టలేదు. నీళ్లు గీసిందానికి నాదేం సంతకం?

పోయిన ఎండాకాలం ఒక రాత్రి
ఆ గీత మీద బల్లి మొలిచె.
నల్ల స్ప్రే. ముందుకాళ్లు గీత పైన, తోక గీత కింద,
మునిగి పైకి పాకుతాన్నట్టు.
నిజం చెప్పాల, బాగుండె.
నా చేతికి అంత తొందర ఎప్పుడూ రాలేదు.

బల్లి అంటే శానా పెద్ద పేరంట.
గీసినోని ముఖం ఎవురూ చూడలేదంట,
అందుకే ఇంకా పెద్దదంట.
నా ముఖం ఊరంతా చూసింది,
దానికే చవకైనానేమో.

బెంగుళూరు కార్లు బుధవారపేట సందులో ఇరుక్కునె.
ఒకామె ఫోనెత్తి పట్టుకుని చెప్తాంది:
"ఈ ఎర్రగీత చూడండి, ఎంత నిబ్బరం!
బల్లి తప్ప ఇంకెవరూ గీయలేరు."
షేకున్‌బీ కొట్టు బెంచీ మీద
టీలో బన్ను ముంచుకుంటా ఇంటాన్నా.
"చెప్పురా నీదని" అనె షేకున్‌బీ.
ఏమని చెప్పేది?
బల్లిది కాదు, సరే. నాదా?
నదిని పిలిపించి సాక్ష్యం అడగాల.

టాకీసు ఓనరు అద్దం పెట్టించె, టికెట్టు పది.
అద్దం బిగిస్తాంటే మేకు తగిలి
బల్లి కన్ను పెచ్చు లేచిపాయె.
రాత్రికి రాత్రి నన్నే పిలిచి
నోరెత్తొద్దని మూడువందలిచ్చె.
తెల్లారితే ఆ కంటితోనే సెల్ఫీలు.
"ఆ చూపు సూడు, యాడ నిలబడినా మనల్నే చూస్తాది!"

శ్రావణంలో రంపం మిషను తెచ్చి
గోడను కేకు మాదిరి కోసి లారీకెత్తిరి.
ఇప్పుడది ఏదో హాల్లో ఉండాదంట.
ఉరుకుందు ఫోన్లో చూపించె:
తెల్లగోడ, చల్లటి దీపాలు,
సూటేసుకున్నాయన బొడ్డు కాడ గీత.
బొడ్డు కాడ!
ఆ దినం మా అటక మీద కూసున్నోళ్ల కాళ్లు తడిసినాయి.
షేకున్‌బీ మొగుడు మిద్దె మెట్లు అందక పోయినాడు.
బొమ్మ అసలైందేనని మాత్రం
కాగితం మీద ముద్రేసి ఇచ్చినారంట.

నిన్న రాత్రి డబ్బా తీసుకుని పోయినా.
కోసిన బొక్కకు సిమెంటు పూసినారు, ఇంకా పచ్చే.
కొలుచుకోను బురద లేదు.
చేయెత్తి, గుర్తున్నంత కాడికి గీసినా.
చేయి వణికె. గీత కూడా.

పొద్దున చూస్తే
పిల్లోళ్లు దానిమీద బొగ్గుతో బల్లిని గీసినారు,
ఐదు కాళ్లు దానికి.
అప్పుడే ఎవురో ఫోటో తీస్తాన్నారు.

షేకున్‌బీ స్టవ్వు ఆర్పి వచ్చె.
కండ్లద్దాలు కొంగుతో తుడిచి
గోడను కింద నుంచి పైదాకా చూసె.
"జానెడు తక్కువరా మద్దిలేటీ" అనె,
చేయి పైకెత్తి, వేలు అందక,
గాల్లోనే చూపిస్తా.